మాయలో రక్తనాళాలను సీటీలో చూడాలంటే: నింపడం నుంచి కొలవడం దాకా

కాన్పయ్యాక వచ్చిన మాయను ఉన్నదున్నట్టు సీటీలో పెడితే నాళాలు కనపడవు. ఎక్స్‌రేకి రక్తమూ, చుట్టూ ఉన్న కణజాలమూ దాదాపు ఒకటే. అందుకే నాళాల్లోకి ఎక్స్‌రేను ఆపే ద్రవం ఎక్కించాలి. అసలు పని అంతా అక్కడే ఉంది, స్కానింగ్ పది నిమిషాల్లో అయిపోతుంది.

చిక్కు ఏమిటంటే, సరిగ్గా నిండని నాళమూ అసలు లేని నాళమూ తెరమీద ఒకే రకంగా కనపడతాయి. బీపీ వచ్చిన తల్లి మాయలో కొమ్మలు తక్కువున్నాయని థీసిస్‌లో రాసేముందు, అవి నిజంగానే తక్కువా, లేక గడ్డో గాలిబుడగో అడ్డంపడిందా అన్నది తేల్చగలగాలి. కింద చెప్పిన జాగ్రత్తల్లో చాలావరకు ఆ తేడా పట్టుకోవడానికే.

ఇంకొకటి ముందే తెలిసుండాలి. ఈ పద్ధతిలో కనపడేది బిడ్డ వైపు నాళాలు మాత్రమే: బొడ్డుతాడులోని రెండు ధమనులు, ఒక సిర, వాటి కొమ్మలు. తల్లి రక్తం గర్భాశయం గోడలోని స్పైరల్ ధమనుల నుంచి వచ్చి విల్లైల (బిడ్డ సన్న నాళాలుండే వేళ్లలాంటి కొమ్మల) మధ్య ఖాళీలో పడుతుంది. అక్కడ నాళమే లేదు కాబట్టి నింపడానికీ ఏమీ లేదు. తల్లి వైపు ప్రవాహం కావాలంటే గర్భంలో ఉండగా కలర్ డాప్లరో (రక్త ప్రవాహం చూపే అల్ట్రాసౌండ్), గాడోలినియం అనే కాంట్రాస్ట్ మందు లేని ఎమ్మారైనో చూడాలి, అది వేరే పని. గర్భిణికి చేసే ప్రతి అల్ట్రాసౌండ్‌కూ పీసీపీఎన్‌డీటీ (లింగ నిర్ధారణను నిషేధించే) చట్టం కింద రిజిస్టరైన మెషీన్, స్కాన్ వివరాలు రాసే ఫారం ఎఫ్ ఉండాల్సిందే, పరిశోధన అని మినహాయింపు లేదు.

అనుమతి

ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాకే మొదటి మాయ తీసుకోవాలి. ఎలాగూ పారేసేదే కదా అన్న వాదన 2017 ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ముందు నిలవదు. సమ్మతి పత్రం మీద సంతకం నొప్పులు మొదలుకాకముందే, ఏఎన్‌సీ (గర్భిణుల) చెకప్‌కి వచ్చినప్పుడో, అడ్మిషన్ రోజునో తీసుకోవాలి. నొప్పులు పడుతున్న మనిషి పెట్టే సంతకానికి అర్థం లేదు.

వరంగల్, హనుమకొండ ఆసుపత్రులకు మహబూబాబాద్ వైపు తండాల నుంచీ, ములుగు, ఏటూరునాగారం వైపు కోయ గూడేల నుంచీ కాన్పులకు వస్తారు. తెలుగులో అచ్చేసిన కాగితం చదివి వినిపిస్తే సరిపోని సందర్భాలుంటాయి. లంబాడీ, కోయ మాట్లాడే సిస్టరో ఆశా కార్యకర్తో పక్కనుండాలి. మాయను ఇంటికి తీసుకెళ్లి పూడ్చిపెట్టుకునే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. కాబట్టి “మాయ మీరు తీస్కపోతరా, మాకిస్తరా?” అని తల్లినీ, ఆమెతో వచ్చిన పెద్దమనిషినీ సూటిగా అడగాలి. తీసుకెళ్తామంటే అక్కడితో ఆపేయాలి.

లేబర్ రూమ్‌లో

లేబర్ రూమ్ సిస్టర్లకు మూడు మాటలు చెప్పి, రాసి గోడకు అంటించండి. ఒకటి, మాయ వైపు బొడ్డుతాడు కనీసం 10 సెంటీమీటర్లు ఉండాలి, దానికి ప్లాస్టిక్ క్లాంప్ వేసే ఉంచాలి. తాడు తెరిచి వదిలేస్తే రక్తం కారిపోయి నాళాలు అతుక్కుంటాయి. రెండు, శాంపిల్ కోసం మాయకు బిడ్డ వైపున్న ముఖం మీది నాళాల్లో సూది గుచ్చొద్దు, అవసరమైతే తాడు చివరన గుచ్చాలి. ఆ ఒక్క చిల్లు చాలు, తర్వాత ఎక్కించే ద్రవం అందులోంచి చిమ్ముతుంది. మూడు, ఫార్మలిన్‌లో వేయొద్దు. ముందే ఫార్మలిన్ తగిలితే లోపలి రక్తం గడ్డకట్టి నాళానికే అతుక్కుపోతుంది, ఇక ఆ మాయ ఈ పనికి రాదు.

తాడు ఎన్ని నిమిషాలకు క్లాంప్ చేశారో, మాయ దానంతటదే పడిందా, చేత్తో తీశారా అన్నవి నోట్ చేసుకోవాలి. ఆలస్యంగా క్లాంప్ చేస్తే మాయలో మిగిలే రక్తం తగ్గుతుంది. చేత్తో తీసినదానికి తల్లి వైపు చిరుగులు ఎక్కువ. రెండూ నింపడం మీద ప్రభావం చూపుతాయి.

హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి రిపోర్టు ఎలా ఉన్నా ప్రతి మాయనూ అంటువ్యాధి ఉన్నదాని లాగే చూడాలి: రెండు జతల గ్లౌజులు, కళ్లద్దాలు, ప్లాస్టిక్ ఏప్రన్. ఒత్తిడితో ద్రవం ఎక్కించే పని కాబట్టి ముఖం మీదికి చిమ్మే ప్రమాదం నిజంగా ఉంది.

కడగడం

మాయ పడ్డ అరగంటలోపు కడగడం మొదలుపెడితే బాగుంటుంది. లీటరు నార్మల్ సెలైన్‌లో రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ 5000 యూనిట్లు కలిపి, 37 డిగ్రీలకు వేడిచేసి ఉంచుకోండి. మన దగ్గర దొరికే 5 మి.లీ. వయల్‌లో 25,000 యూనిట్లుంటాయి, అంటే 1 మి.లీ. చాలు. సెలైన్ చల్లగా ఉంటే ధమనులు బిగుసుకుంటాయి. కాన్పయ్యాక ఎలాగూ అవి ముడుచుకునే స్వభావం మీదే ఉంటాయి. పాపావెరిన్, నైట్రోగ్లిజరిన్ లాంటి నాళాలను సడలించే మందులు కలిపేవాళ్లూ ఉన్నారు. కలిపితే అధ్యయనంలోని అన్ని మాయలకూ ఒకే మోతాదు కలపాలి. కొన్నిటికి కలిపి కొన్నిటికి మానేస్తే ధమనుల వ్యాసాలను పోల్చడం కుదరదు.

ముందుగా బరువు తూచి, స్కేలు పక్కన పెట్టి రెండు వైపులా ఫొటో తీయాలి. నెలలు నిండిన మాయ సుమారు 500 గ్రాములు, 22 సెంటీమీటర్ల వెడల్పు, రెండు రెండున్నర సెంటీమీటర్ల మందం ఉంటుంది. తాడు, పొరలు తీసేసిన బరువే లెక్కలోకి రావాలి. 2014లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పాథాలజిస్టులు కుదుర్చుకున్న పద్ధతీ అదే. తాడును ఇప్పుడే తీసేయలేం కాబట్టి మొత్తం బరువు ఇప్పుడు తూచి, చివర్లో తాడునూ పొరలనూ వేరుగా తూచి తీసేయండి. బేరియం ఎక్కాక మాయను తూస్తే ఆ బరువు పనికిరాదు.

తాడు చివరను కొత్త బ్లేడుతో అడ్డంగా కోయండి. మూడు నోళ్లు కనపడాలి: గోడ మందంగా, నోరు చిన్నగా, కాస్త పైకి పొడుచుకొచ్చినట్టున్నవి ధమనులు, వెడల్పుగా, వదులుగా ఉన్నది సిర. రెండే నోళ్లుంటే ఒకే ధమని ఉన్న తాడు అయ్యుండొచ్చు, ఇంకో చోట కోసి నిర్ధారించుకుని రాసుకోండి. తాడు జారిపోతుంది, గాజ్‌తో పట్టుకోండి.

ధమనులకు 5 లేదా 6 నంబర్ ఇన్‌ఫాంట్ ఫీడింగ్ ట్యూబ్, సిరకు 8 లేదా 10 నంబర్ సరిపోతాయి. ఫీడింగ్ ట్యూబ్‌కి మూసుకున్న కొనకు వెనక పక్కల్లో రంధ్రాలుంటాయి. ఆ రంధ్రాల భాగం మొత్తం కత్తిరించేసి, చివర ఒక్క నోరే మిగిలేలా చేయాలి. లేకపోతే కట్టు బయట ఉండిపోయిన రంధ్రంలోంచి ద్రవం కారుతుంది. ట్యూబ్‌ను రెండు సెంటీమీటర్లు లోపలికి పెట్టి, 2-0 సిల్క్‌తో రెండు చోట్ల కట్టండి. బలవంతంగా తోస్తే లోపలి పొర చీలి, ట్యూబ్ గోడలోకి దూరుతుంది.

తాడు మాయను చేరే చోట, చివరి మూడు సెంటీమీటర్లలోపు, రెండు ధమనుల మధ్య సాధారణంగా ఒక అడ్డదారి ఉంటుంది. దాన్ని హర్టల్ సంధి అంటారు. దానివల్ల ఒక ధమనిలో ఎక్కించినది రెండోదానిలోకీ పోతుంది. అయినా రెండింటికీ ట్యూబులు పెట్టండి. ఆ సంధి లేని మాయలూ ఉన్నాయి, అప్పుడు సగం మాయ ఖాళీగా మిగిలి జబ్బులా కనపడుతుంది.

సెలైన్ బాటిల్‌ను మాయ కంటే 54 సెంటీమీటర్ల ఎత్తున కడితే 40 మి.మీ. పాదరసం ఒత్తిడి వస్తుంది. ధమనుల్లోకి వదిలి, సిర ట్యూబ్‌లోంచి వచ్చే నీళ్లు లేత గులాబీ రంగుకు వచ్చేదాకా చూడండి. పదిహేను ఇరవై నిమిషాలు దాటనివ్వొద్దు. ఎక్కువసేపు సెలైన్ పోతే విల్లైలు నీరుపట్టి ఉబ్బి, లోపలి సన్న నాళాలను నొక్కేస్తాయి. తాడులో గడ్డలుంటే తాడును వేళ్లతో బయటివైపు మెల్లగా నెట్టొచ్చు గానీ మాయను మాత్రం పిసకొద్దు.

బేరియం, జెలటిన్

అయోడిన్ కాంట్రాస్ట్ తేలిగ్గా దొరుకుతుంది గానీ చిన్న అణువు కావడంతో కాసేపటికే నాళం గోడ దాటి చుట్టూ ఇంకిపోతుంది, అంచులు మసకబారతాయి. బేరియం సల్ఫేట్ కణాలు లోపలే ఉండిపోతాయి. రేడియాలజీలో బేరియం మీల్‌కి వాడే 95 శాతం సస్పెన్షన్ పనికొస్తుంది. పలచన చేశాక సన్నని మస్లిన్ గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి, ముద్దలుంటే మొదటి మలుపులోనే ఇరుక్కుంటాయి.

సీటీకి 10 శాతం బేరియం, 5 శాతం జెలటిన్ చాలు. 200 మి.లీ. కోసం: 10 గ్రాముల జెలటిన్‌ను చల్లటి సెలైన్ 170 మి.లీ.లో పది నిమిషాలు నానబెట్టి, 60 డిగ్రీల వేడిలో కరిగించండి. మరిగిస్తే గట్టిపడే గుణం తగ్గుతుంది. 45 డిగ్రీలకు దిగాక, అదే వేడిలో ఉన్న బేరియం సస్పెన్షన్ 21 మి.లీ. పోసి, సెలైన్‌తో 200కి తేవాలి. గాజుకడ్డీతో తిప్పండి, కుదపొద్దు, నురగ వస్తే బుడగలు నాళాల్లోకే పోతాయి. అరగంట వాటర్ బాత్‌లో ఉంచితే ఉన్న బుడగలు పైకి తేలతాయి. ద్రవం పలచటి మజ్జిగలా ఉండాలి. ఈ పాళ్లలో పెద్ద నాళాలు 120 కేవీ దగ్గర సుమారు 1500 హెచ్‌యూ (హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు, సీటీలో తెల్లదనానికి కొలత) చూపిస్తాయి. బేరియం ఇంకా పెంచితే చిత్రం బాగుంటుందనుకుంటారు గానీ సీటీలో చారలు వస్తాయి, నాళాలు ఉన్నదానికంటే లావుగా కనపడతాయి. మైక్రో సీటీకి (చిన్న ముక్కలను అతి సన్నగా చూపే సీటీకి) ముక్కలు పంపే ఉద్దేశముంటే మాత్రం 30 శాతం వాడండి: 63 మి.లీ. బేరియం, 125 మి.లీ. సెలైన్, అదే 10 గ్రాముల జెలటిన్, చివరికి 200.

మన ఎండలు ఇక్కడ అడ్డొస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో జెలటిన్ గట్టిపడదు. ద్రవంగానే ఉండిపోతే బేరియం కిందికి దిగి, నాళంలో సగం తెల్లగా సగం బూడిదగా కనపడుతుంది. కాబట్టి నింపిన వెంటనే ట్రేను ఐస్ మీదికి మార్చి, తర్వాత 4 డిగ్రీల ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచాలి. డిసెంబర్, జనవరి ఉదయాల్లో దీనికి తిరగబడి ఉంటుంది: మాయ దాకా చేరకుండా ట్యూబ్‌లోనే గడ్డకడుతుంది. ట్యూబ్ 30 సెంటీమీటర్లు మించకుండా చూసి, వేడినీళ్లలో తడిపిన గాజ్ చుట్టండి. మాయను కూడా 37 డిగ్రీల నీళ్ల మీద తేలే ట్రేలో ఉంచండి.

నింపడం

సిరంజితో చేత్తో తోసినప్పుడు ఒత్తిడి ఎంత పోతోందో చేతికి తెలియదు. ఒక చిన్న ఏర్పాటు చేసుకుంటే అన్ని మాయలకూ ఒకే ఒత్తిడి ఇవ్వొచ్చు. రెండు రంధ్రాల రబ్బరు బిరడా ఉన్న గాజు సీసా తీసుకోండి. ఒక రంధ్రంలోంచి సీసా అడుగుదాకా పొడవు గొట్టం, అది మాయకు పోతుంది. రెండో రంధ్రంలో పొట్టి గొట్టం, దానికి బీపీ మెషీన్ బల్బు, డయల్ తగిలించండి. బల్బు కొడితే సీసాలో గాలి ఒత్తిడి పెరిగి ద్రవం పోతుంది. డయల్‌లోకి గాలి తప్ప ద్రవం పోకూడదు, అందుకే సీసాను మూడొంతుల్లో రెండొంతులకు మించి నింపొద్దు. సీసా వాటర్ బాత్‌లో 42 డిగ్రీల దగ్గర, మాయతో సమాన ఎత్తులో ఉండాలి. బేరియం అడుక్కి దిగకుండా మధ్యమధ్య సీసాను మెల్లగా తిప్పుతుండాలి.

ట్యూబ్‌ను చివరిదాకా ద్రవంతో నింపి, గాలి పూర్తిగా పోయాకే త్రీవే (మూడు దారుల కుళాయి) తిప్పి మాయకు కలపండి. ధమనుల్లో 20 మి.మీ. పాదరసం దగ్గర మొదలుపెట్టి, రెండు నిమిషాల్లో 40కి తెండి. బిడ్డ వైపు ముఖం మీద నాళాలు ఒక్కొక్కటే తెల్లబడుతూ పోతాయి. ధమనులు సాధారణంగా సిరల మీదుగా దాటుతాయి కాబట్టి దేనిలోకి పోతోందో కంటికే తెలుస్తుంది. ప్రతి భాగమూ తెల్లబడిందా అని అంచుదాకా చూసి, ఇక ద్రవం తీసుకోవడం ఆగాక ఐదు నిమిషాలు అదే ఒత్తిడి ఉంచి, తాడును కట్టేయాలి. మిల్లీలీటర్ల లెక్కతో ఆపొద్దు, ఆగిందని కంటికీ డయల్‌కీ తెలిసినప్పుడే ఆపాలి. 60 దాటితే విల్లైలు చిట్లి, దూది పింజల్లాంటి తెల్లటి మబ్బులు కనపడతాయి. వాటిని తర్వాత సాఫ్ట్‌వేర్‌లో చెరిపేయడం చాలా కష్టం.

ధమనులు, సిర రెండూ కావాలంటే, ముందు ధమనులు నింపి స్కాన్ చేసి, తర్వాత సిర నింపి మళ్లీ స్కాన్ చేయడం మేలు. రెండు వేర్వేరు గాఢతలు ఎక్కించి హెచ్‌యూతో విడదీయొచ్చన్న సలహా వినపడుతుంటుంది. పెద్ద నాళాల్లో అది నడుస్తుంది గానీ సన్నవాటిలో చిక్కటి ద్రవం కూడా పలచగానే కనపడుతుంది, కాబట్టి ఏది ఏదో తేలదు.

ఒక భాగం తెల్లబడలేదంటే

అక్కడే ఆగండి. డయల్ చూసి, తాడు మెలిక పడిందేమో, ట్రే అంచు నొక్కుతోందేమో చూడండి. తర్వాత ఆ భాగానికి పోయే ఉపరితల ధమనిలో పసుపు రంగు 24 గేజ్ కాన్యులా పెట్టి, గోరువెచ్చటి సెలైన్ 2 మి.లీ. మెల్లగా ఎక్కించండి. గడ్డ కదిలి తెల్లదనం పాకితే అది నింపడంలో లోపమే. పాకకపోతే ఆ భాగానికి రంగు దారంతో గుర్తు కట్టి, ఫొటో తీసి, స్కాన్ అయ్యాక అక్కడి నుంచి పూర్తి మందం ముక్క కోసి హిస్టాలజీకి (మైక్రోస్కోప్ పరీక్షకు) పంపాలి. ఇన్‌ఫార్క్ట్ (రక్తం అందక చచ్చిన భాగం) అయినా, నాళంలో పాత గడ్డ అయినా స్లైడ్‌లో తేలుతుంది. స్లైడ్‌లో నాళాలు మామూలుగా, తెరిచే ఉండి బేరియం మాత్రం లేకపోతే, ఆ భాగాన్ని లెక్కలోంచి తీసేయాలి తప్ప ‘నాళాలు తక్కువ’ అని రాయకూడదు.

స్కానింగ్

ఫ్రిజ్‌లో గట్టిపడ్డాక 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వేస్తే జెలటిన్ మళ్లీ కరగకుండా బిగుసుకుంటుంది, ఇక ఎండాకాలంలోనూ భయం లేదు. స్కాన్‌కు తీసుకెళ్లేటప్పుడు నీళ్లతో కడిగి, బిడ్డ వైపు ముఖం పైకి ఉండేలా లోతు తక్కువ ప్లాస్టిక్ ట్రేలో పరిచి, రెండు పాలిథిన్ కవర్లలో పెట్టండి. లోహపు ఫోర్సెప్స్, క్లిప్పులు ఏవీ ఉండకూడదు.

ట్రేలోనే, మాయ పక్కన, అదే ద్రవం నింపి చివరలు మూసిన హెమటోక్రిట్ కేపిల్లరీలు రెండు మూడు పెట్టండి. వాటి లోపలి వ్యాసం ప్యాకెట్ మీద ఉంటుంది. ఇంకొంచెం పెద్దది కావాలంటే ఐవీ సెట్ గొట్టం ముక్కను వెర్నియర్‌తో కొలిచి పెట్టండి. స్కాన్‌లో వాటిని కొలిస్తే మీ కొలత ఎంత తప్పుతోందో తెలిసిపోతుంది. దీనికి ఖర్చు దాదాపు లేదు, అయినా మానేసేవాళ్లే ఎక్కువ.

120 కేవీ, 300 ఎంఏఎస్, పిచ్ తక్కువ, 0.6 మి.మీ. స్లైసులు, 0.3 మి.మీ. దూరంతో. ఇక్కడ పేషెంట్ లేడు కాబట్టి డోసు గురించి వెనకాడనక్కర్లేదు. కొలతలకు బోన్ కెర్నల్ (చిత్రాన్ని పదునుగా తయారుచేసే సెట్టింగ్) వద్దు, అంచులను అతిగా చూపిస్తుంది. మధ్యస్థంగా ఉండే సాఫ్ట్ కెర్నల్ తీసుకోండి. 25 సెంటీమీటర్ల ఫీల్డ్ పెడితే 512 గడుల్లో ఒక్కో పిక్సెల్ 0.49 మి.మీ. అవుతుంది. మూడు పిక్సెళ్ల కంటే సన్న నాళం వ్యాసం నమ్మలేం, అంటే 1.5 మి.మీ. కింద అంతా అంచనాయే. కానీ మాయ బల్ల మీద పడుకునే ఉంటుంది కాబట్టి, అదే స్కాన్‌ను కుడి సగం, ఎడమ సగం అని 13 సెంటీమీటర్ల ఫీల్డ్‌తో రెండుసార్లు రీకన్‌స్ట్రక్ట్ చేయించుకోవచ్చు. పిక్సెల్ 0.25 మి.మీ.కి దిగుతుంది. దీనికి రా డేటా (చిత్రంగా మార్చని అసలు స్కాన్ సమాచారం) కావాలి, అది కన్సోల్‌లో కొద్దిరోజులే ఉంటుంది. అందుకని టెక్నీషియన్‌ను అదే పూట అడగాలి.

సీటీ ఖాళీ దొరకని చోట మామోగ్రఫీ మెషీన్ మంచి ప్రత్యామ్నాయం. 24×30 సెంటీమీటర్ల డిటెక్టర్ మీద మాయ మొత్తం పడుతుంది, 28–30 కేవీలో సన్న కొమ్మలు సీటీ కంటే స్పష్టంగా వస్తాయి. అయితే లోతు తెలియదు, పైవీ కిందవీ ఒకదానిమీద ఒకటి పడతాయి. ప్యాడిల్‌తో నొక్కొద్దు.

చదవడం, కొలవడం

3డీ స్లైసర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, 16 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో నడుస్తుంది. డైకామ్ ఫైళ్లలో (స్కాన్ చిత్రాల ఫైళ్లలో) తల్లి పేరు, ఆసుపత్రి ఐపీ (ఇన్‌పేషెంట్) నంబర్ తీసేశాకే బయటివాళ్లకు, ఎన్‌ఐటీ విద్యార్థులకైనా సరే, ఇవ్వాలి.

సెగ్మెంట్ ఎడిటర్‌లో థ్రెషోల్డ్‌ను (ఎంత హెచ్‌యూ దాటితే నాళంగా లెక్కించాలో ఆ హద్దును) నాళం, కణజాలం విలువల మధ్యలో పెట్టండి: 1500కీ 50కీ మధ్య, అంటే సుమారు 775. కేపిల్లరీల వ్యాసం సరిగ్గా వచ్చేదాకా దాన్ని సవరించి, తర్వాత అన్ని మాయలకూ అదే ఉంచాలి. ఒక్కో మాయకు కంటికి నచ్చినట్టు మారిస్తే లెక్క చెడుతుంది. అందులోని ఐలాండ్స్ పనిముట్టుతో విడి చుక్కలు తీసేసి, నాళాలను కొలిచే వీఎంటీకే ఎక్స్‌టెన్షన్‌తో మధ్యరేఖ గీయిస్తే కొమ్మల పొడవు, వ్యాసం, మెలికలు వస్తాయి.

మధ్యలో తెగిన నాళం కనపడితే తెగినచోట హెచ్‌యూ చూడండి. మైనస్ వందల్లో ఉండి, గుండ్రంగా, నాళం పైవైపు అంచుకు అంటి ఉంటే గాలిబుడగ. 40–80 మధ్యలో, నిడుపుగా ఉంటే గడ్డ. బుడగను చేత్తో పూరించొచ్చు, ఎందుకంటే అవతల నాళం నిండే ఉంటుంది. గడ్డ అవతల ఏమీ లేకపోతే పూరించకూడదు, పైన చెప్పిన గుర్తుదారం ఉందేమో ఫొటోలో చూసుకోవాలి.

ఫలితాల పట్టికలో ఉండాల్సినవి: మాయ బరువుకు నాళాల ఘనపరిమాణం, 0.75 మి.మీ. పైన కొమ్మల సంఖ్య, మొత్తం పొడవు, లెక్కలోంచి తీసేసిన భాగం శాతం. ఈ చివరి అంకె లేకపోతే మిగతా మూడింటినీ పరీక్షకుడు నమ్మనక్కర్లేదు.

పని అయ్యాక మాయ పసుపు సంచిలోకే, 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం. ఫార్మలిన్ వేరుగా పోవాలి. మిగిలిన బేరియం జెలటిన్‌ను సింక్‌లో పోయొద్దు, చల్లబడి పైపులోనే గట్టిపడుతుంది. పేపర్ కప్పులో పోసి ఫ్రిజ్‌లో గడ్డకట్టనిచ్చి, మాయ రక్తం తగిలినదైతే పసుపు సంచిలోనే వేయండి. సీటీ బల్లను 1 శాతం హైపోక్లోరైట్‌తో తుడిచి, పది నిమిషాలాగి తడిగుడ్డతో మళ్లీ తుడవండి, క్లోరిన్ మిగిలితే బల్ల కవర్ పాడవుతుంది.